మ్యూజియం హాలులో జాజ్ నివాళి కచేరీల సీజన్: వరంగల్‌లో మొదటి నుంచి చివరి దాకా ఎలా నడపాలి

"మా ఊళ్లో మ్యూజియం హాలు ఉంది, జాజ్ అంటే ప్రాణం పెట్టే నలుగురం ఉన్నాం. గొప్ప జాజ్ కళాకారుల పేరిట వరుసగా కచేరీలు పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" హనుమకొండ నుంచి, కరీంనగర్ నుంచి, జగిత్యాల నుంచి కూడా ఈ ప్రశ్న వస్తూనే ఉంది.

సమాధానమంతా పనుల వరుసలో ఉంది. సాధారణంగా ముందు ఒక పెద్ద పేరు అనుకుంటారు, పోస్టరు వేస్తారు, తేదీ ప్రకటిస్తారు. ఆ తరువాత వాయించేవారి కోసం, చివరికి హాలు కోసం వెతుకుతారు. ఈ వరుసను తిరగేయాలి. ముందు హాలు, హాలుకు తగిన బృందం, బృందానికి తగిన కళాకారుడు, తరువాత తేదీలు, అన్నిటికన్నా చివర పోస్టరు. నలుగురైదుగురు వాద్యకారులు, నూరు నూటయాభై మంది శ్రోతలు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలకు ఒకటి చొప్పున నాలుగు కచేరీలు. ఈ కొలత పెట్టుకుని రాస్తున్నాను.

1. హాలును చెవితో పరీక్షించండి

మన మ్యూజియం హాళ్లలో ఎక్కువ వాటికి గ్రానైటు గచ్చు, నున్నటి గోడలు, గాజు అరలు ఉంటాయి. బొమ్మలు చూడటానికి అది బాగుంటుంది కానీ డ్రమ్స్‌కు అదే పెద్ద చిక్కు.

హాలు ఖాళీగా ఉన్నప్పుడు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు ఒక సెకనులోపు సద్దుమణిగితే హాలు పనికొస్తుంది. ఒకటిన్నర సెకన్లు దాటి మోగుతుంటే డ్రమ్ సెట్టులోని సింబల్ (ఇత్తడి తాళం) దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. జనం నిండాక ప్రతిధ్వని కొంత తగ్గే మాట నిజమే, దాని మీదే భరోసా పెట్టుకోవద్దు.

తగ్గించే మార్గం మన ఊళ్లోనే ఉంది. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు తెప్పించి వేదిక కింద, మొదటి వరుసల కింద పరవండి. వెనక గోడకు మందపాటి తెరలు కట్టండి. డ్రమ్స్ కింద జంపఖానా ఉంటే సెట్టు జారకుండా కూడా ఉంటుంది. అయితే నూలు జంపఖానా సన్నగా ఉంటుంది కాబట్టి పై స్థాయి శబ్దాలను మాత్రమే మింగుతుంది. బేస్ మోతను, అంటే లోతైన స్వరాల మోతను, అది ఆపలేదు. దాన్ని ఆంప్లిఫయరు దగ్గరే తగ్గించుకోవాలి.

ఇంకొక పరీక్ష తప్పనిసరి. ఒక బేస్ గిటారు తెచ్చి అన్నిటికన్నా లావు తీగ నుంచి ఒక్కొక్క స్వరమే నెమ్మదిగా పైకి వాయించమనండి. ఆ తీగ మోత సుమారు 41 హెర్ట్‌జ్ దగ్గర మొదలవుతుంది. వాయిస్తుండగా మరొకరు గాజు అరల మీద, చిత్రాల చట్రాల మీద వేలి కొస ఆనించి నడవాలి. ఎక్కడో ఒక స్వరం దగ్గర ఏదో ఒక గాజు సన్నగా వణుకుతుంది, ఒక్కోసారి చెవికి వినపడేంతగా "జ్‌జ్" అంటుంది. ఏ స్వరానికి ఏ అర వణికిందో కాగితం మీద రాసుకోండి. వేదికను దానికి దూరంగా జరపండి, అది కుదరకపోతే ఆ అర తలుపుల మధ్య ఫెల్టు ముక్కలు పెట్టమని మ్యూజియం సిబ్బందిని అడగండి. వేదికను గది మూలన మాత్రం పెట్టవద్దు, మూలల్లో బేస్ మోత పోగుపడుతుంది.

వేయి స్తంభాల గుడిలోనో, కోట శిథిలాల మధ్యనో పెడితే ఎంత బాగుంటుందోనని చాలామందికి ఉంటుంది. అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. రాతపూర్వక అనుమతి లేకుండా అక్కడ ఏ ప్రదర్శనా పెట్టకూడదు. మొదటి సీజన్‌కు ఆ ఊసు వద్దు. శ్రోతలు పెరిగి మ్యూజియం హాలు చాలకపోతే పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం, 2024 నవంబరులో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం ఉన్నాయి. కానీ జాజ్ వాద్యకారుడి ఊపిరి కూడా వినపడే దూరంలో కూర్చుని వినే అనుభవం పెద్ద ఆడిటోరియంలో దొరకదు. అందుకే చిన్న హాలు దొరికినంతకాలం దాన్ని వదలవద్దనే చెబుతాను.

2. గోడల మీద ఉన్నవాటికి హాని జరగకూడదు

మ్యూజియం మనకు హాలు ఇస్తోందంటే తన సొత్తును మనల్ని నమ్మి వదులుతోందని అర్థం. ఈ విషయంలో ఒక్క ఫిర్యాదు వచ్చినా సీజన్ అక్కడితో ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా.

మన ప్రాంతపు ఉదాహరణే చూడండి. చేర్యాల నకాషీ పటాన్ని ఖాదీ గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పూసి ఆ పూత మీద చిత్రిస్తారు. తేమకు ఆ పూత ఉబ్బుతుంది, ఎక్కువ వెలుతురుకు రంగు వెలుస్తుంది. గుడ్డ, కాగితం మీది చిత్రాలకు 50 లక్స్ వెలుతురు, తైలవర్ణ చిత్రాలకు 150 నుంచి 200 లక్స్ మించకూడదని మ్యూజియంలు పాటించే లెక్క. పెళ్లి వేదికలకు వాడే పెద్ద లైట్లు దీన్ని ఎన్నో రెట్లు దాటిపోతాయి. వేదిక మీద వెచ్చని రంగు ఎల్‌ఈడీ దీపాలు రెండు మూడు చాలు. వాటిని వాద్యకారుల వైపు మాత్రమే తిప్పండి.

నూరు మంది రెండు గంటలు ఊపిరి పీల్చి వదిలితే గది తేమ పెరుగుతుంది. తేమమాపిని గోడకు దగ్గరగా ఒక స్టాండు మీద పెట్టి కచేరీకి ముందు, విరామంలో, ముగిశాక చూసి రాయండి. మొదటి అంకె కన్నా అయిదు శాతం మించి పెరిగితే విరామాన్ని పొడిగించి తలుపులు తెరవండి. వచ్చే కచేరీకి కుర్చీలు తగ్గించండి.

మ్యూజియం వారితో కలిసి చూసుకోవలసినవి:
☐ హాలులోని ప్రతి చిత్రానికీ, శిల్పానికీ ముందు రోజు ఫోటో, స్థితి వివరం
☐ గోడకూ మొదటి కుర్చీకీ కనీసం రెండు మీటర్ల ఎడం, మధ్యలో తాడు
☐ వాద్యాల పెట్టెలకు విడిగా గది (గోడకు ఆనించడానికి వీల్లేదు)
☐ గోడలకు మేకులు, టేపు లేకుండా తెరలు నిలబెట్టే స్టాండ్లు
☐ టీ, సమోసా, నీళ్ల సీసాలు అన్నీ వరండాలోనే
☐ ఫ్లాష్, పొగ యంత్రం నిషేధమని టికెట్టు మీదే ముద్రణ

3. ఒకే మూల బృందం, మారే అతిథి

సీజన్ నిలబడేది ఈ ఒక్క నిర్ణయం మీదే. నాలుగు కచేరీలకు నాలుగు వేర్వేరు బృందాలను పిలవవద్దు. పియానో, బేస్, డ్రమ్స్ వాయించే ముగ్గురిని సీజన్ మొత్తానికి కుదుర్చుకోండి. ప్రతి నెలా ఒక అతిథిని మాత్రం మార్చండి. ఒకసారి గాయని, ఒకసారి శాక్సఫోన్, ఒకసారి ట్రంపెట్.

దీనివల్ల ఖర్చు తగ్గుతుంది. అంతకన్నా పెద్ద లాభం వేరే ఉంది. ఆ ముగ్గురికి హాలు అలవాటవుతుంది, మూడో నెలకు ఎంత మెల్లగా వాయించవచ్చో వారి చేతులకే తెలిసిపోతుంది. శ్రోతలకూ వాళ్లు మనవాళ్లవుతారు.

వాద్యకారులు ఎక్కువగా హైదరాబాదు నుంచే రావాలి. రైల్లో కాజీపేట రెండు మూడు గంటల ప్రయాణం కాబట్టి మధ్యాహ్నానికి దిగవచ్చు. నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం డబుల్ బేస్ మాత్రం మనిషంత ఎత్తుంటుంది, దానికి వ్యాను మాట్లాడాలి. అది దొరక్కపోతే బేస్ గిటారుతో సరిపెట్టుకోవచ్చు, తప్పేమీ లేదు. అసలైన పియానో కోసం పట్టుబట్టకండి. 88 మెట్లు, బరువైన మెట్ల స్పర్శ ఉన్న డిజిటల్ పియానో చాలు. పాటల స్టూడియోల్లో వాడే 61 మెట్ల కీబోర్డుకు ఒప్పుకోవద్దు.

స్థానికులను కూడా వెతకండి. కాజీపేట, హనుమకొండ చర్చి గాయక బృందాల్లో కీబోర్డు, గిటారు, డ్రమ్స్ చక్కగా వాయించే యువకులు ఉంటారు. పెళ్లి బ్యాండ్ మేళాల్లో ట్రంపెట్, క్లారినెట్, శాక్సఫోన్ వాయించేవారికి ఊపిరి బలం, విన్నది విన్నట్టు పట్టుకునే చెవి రెండూ ఉంటాయి. వారికి స్వరలిపి కాగితం ఇచ్చి చదవమనడం కన్నా నెల ముందే రికార్డింగు పంపి, ఒక ఆదివారం మూల బృందంతో కూర్చోబెట్టడం మేలు. సీజన్‌లో ఒక కచేరీలోనైనా ఇలాంటి స్థానిక వాద్యకారుడు రెండు పాటలకు వేదిక ఎక్కేలా చూడాలని గట్టిగా కోరుతున్నాను. హైదరాబాదు నుంచి వచ్చినవారికి ఇచ్చే లెక్కలోనే ఆయనకూ పారితోషికం ఇవ్వండి.

ఒప్పందం ఒక పేజీ చాలు. తేదీ, పారితోషికం, బయానా, ప్రయాణం, బస, భోజనం, కచేరీ రద్దయితే ఎవరు ఏమి భరించాలి, రికార్డింగుకు సమ్మతి. ఈ ఎనిమిది అంశాలు రాసి ఇద్దరూ సంతకం చేయండి.

4. ఎవరికి నివాళి, ఏ వరుసలో

నివాళి అంటే రికార్డును అచ్చు దించడం కాదు. ఆ కళాకారుడు ఎలా ఆలోచించాడో ఆ దారిలో నడిచి, ఇవాళ వాయించేవారు తమ మనోధర్మం చూపడం. ఈ మాట మీ బృందానికి మొదటి రోజే చెప్పండి. లేకపోతే అనుకరణ పోటీ అవుతుంది.

వరుస నిర్ణయించేటప్పుడు మన శ్రోతల చెవిని దృష్టిలో పెట్టుకోవాలి. మనవాళ్లకు మాట ఉన్న సంగీతం దగ్గర. అందుకని మొదటి సాయంత్రం గాయనితో మొదలుపెట్టండి. అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ అయితే బాగా కుదురుతుంది. మాటలు లేకుండా అక్షరాలతో స్వరాల్లా పాడే ఆమె పద్ధతి సర్గమ్ విన్న చెవికి వెంటనే పడుతుంది. రెండోది పియానో వాద్యకారుడు, స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్. ఆయన రచనలు పెద్ద బృందానికి రాసినవి, కాబట్టి నలుగురికి కుదించే పని నెల ముందే మొదలవ్వాలి. మూడోది ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్, నాలుగోది శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్. ఈ ఇద్దరూ 1926లోనే పుట్టారు, 2026 ఇద్దరికీ శతజయంతి సంవత్సరం. కోల్ట్రేన్‌ను చివరికి ఉంచమనడానికి కారణం ఉంది. ఆయన సంగీతం వినడానికి మూడు కచేరీల తయారీ అవసరం.

మైల్స్ డేవిస్ సాయంత్రం మన శ్రోతలకు ఎలా తలుపు తెరుస్తుందో ఒక ఉదాహరణ ఇస్తాను. 1959లో వచ్చిన ఆయన ఆల్బమ్ "కైండ్ ఆఫ్ బ్లూ"లో మొదటి రచన "సో వాట్". దానిలో ఒక చుట్టు 32 బార్లు (ఒక బారుకు నాలుగు దెబ్బలు). మొదటి 16 బార్లు ఒకే స్వర వరుస మీద నడుస్తాయి. ఆ వరుసలోని మెట్లు మన ఖరహరప్రియ రాగం మెట్లే. తరువాత 8 బార్లు అదే వరుస మొత్తంగా అరస్వరం పైకి జరుగుతుంది, చివరి 8 బార్లు మళ్లీ మొదటి చోటికి దిగుతుంది. బేస్ పలుకుతుంది, మిగతావాళ్లు రెండు దెబ్బల్లో బదులిస్తారు.

కచేరీకి ముందు కర్ణాటక సంగీతం నేర్చుకున్న విద్యార్థి ఒకరిని పిలిచి ఖరహరప్రియ ఆరోహణ పాడించండి. వెంటనే శ్రుతిని అరస్వరం పెంచి మళ్లీ పాడించండి, తిరిగి దించండి. మూడు నిమిషాలు పట్టదు. ఆ తరువాత బృందం ఎత్తుకుంటే ఆ మలుపు వచ్చిన ప్రతిసారీ శ్రోతల తలలు కదులుతాయి. అయితే ఇది రాగాలాపన అని మాత్రం చెప్పవద్దు. ఇందులో మన గమకం లేదు, పియానో వేసే స్వర సమూహాల పని వేరు. రెండిటికీ ఉన్న పొత్తు ఎంతవరకో అంతవరకే చెప్పడం రెండు సంగీతాలకూ మర్యాద.

5. తేదీలు

పుట్టినరోజులకు ముడిపెట్టవద్దు. మైల్స్ డేవిస్ పుట్టింది మే 26న, అంతర్జాతీయ జాజ్ దినోత్సవం ఏప్రిల్ 30న. ఏప్రిల్, మే ఎండల్లో ఓరుగల్లులో హాలు నింపడం, చిత్రాలను కాపాడటం రెండూ కష్టమే. ఆ రోజుల్లో చిన్న శ్రవణ సమావేశం పెట్టుకోండి, కచేరీలు చలికాలానికి ఉంచండి.

☐ మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో వస్తుంది. ఆ ముందు వెనక వారాలు వదిలేయండి. లాడ్జీలు, బస్సులు, పోలీసు బందోబస్తు ఏవీ దొరకవు.
☐ సంక్రాంతి వారం, ఇంటర్ పరీక్షల రోజులు కూడా వద్దు.
☐ మంచి ముహూర్తాల రోజుల్లో సౌండు సిస్టమ్, కుర్చీలు, జనరేటరు అన్నీ పెళ్లిళ్లకు వెళ్తాయి, మేళాల్లోని వాద్యకారులు కూడా. పంచాంగం చూసి మూఢం రోజులు ఎంచుకుంటే అన్నీ సులభంగా, తక్కువ అద్దెకు దొరుకుతాయి.

6. అనుమతులు, హక్కులు

లౌడ్‌స్పీకరు వాడకానికి పోలీసుల రాతపూర్వక అనుమతి తీసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మూసి ఉన్న ఆడిటోరియంలాంటి చోట్లకు మినహాయింపు ఉన్నా మీరు ఎనిమిదిన్నరకే ముగిస్తారు కాబట్టి ఆ చర్చే రాదు. ఆసుపత్రికి, విద్యాసంస్థకు, కోర్టుకు నూరు మీటర్లలోపు నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉండవచ్చన్న సంగతి గుర్తుంచుకుని హాలు ఎక్కడుందో చూసుకోండి. అగ్నిమాపక ఏర్పాట్లు, విద్యుత్ లోడు సంగతి మ్యూజియం వారితో రాతలో తేల్చుకోండి.

చాలామంది మరిచిపోయేది స్వరకర్తల హక్కు. మన కాపీరైట్ చట్టంలో సంగీత రచనకు రక్షణ కర్త జీవితకాలం, మరణానంతరం 60 ఏళ్లు. ఎలింగ్టన్ 1974లో మరణించారు, కాబట్టి ఆయన రచనలకు 2034 చివరి దాకా. మైల్స్ డేవిస్ 1991లో మరణించారు, అంటే 2051 చివరి దాకా. గాయనికి నివాళి అయితే హక్కులు ఆమె పాడిన పాటల స్వరకర్తలవి, గీతకర్తలవి.

పాటల జాబితా తయారు చేసి, ఒక్కొక్క పాటకు స్వరకర్త, గీతకర్త పేర్లు రాసి వారి తరఫున లైసెన్సులిచ్చే ఐపీఆర్ఎస్ (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) సంస్థ దగ్గర లైసెన్సు తీసుకోండి. విరామంలో రికార్డులు వేస్తే వాటికి వేరే లైసెన్సు కావాలి. ఎందుకా తంటా, విరామంలో హాలును నిశ్శబ్దంగా ఉంచండి. అమెచ్యూర్ క్లబ్బు టికెట్టు లేకుండా ప్రదర్శిస్తే చట్టంలో మినహాయింపు ఉంది కానీ పారితోషికం తీసుకునే బృందం వచ్చినప్పుడు దాని మీద ఆధారపడవద్దు.

7. శబ్ద వ్యవస్థ, సౌండ్ చెక్

మన సౌండు సిస్టమ్ వారి చేయి పెళ్లిళ్లకు, బహిరంగ సభలకు అలవాటు పడింది. వారిని తప్పుపట్టడానికి లేదు, అడిగేది ఎప్పుడూ అదే. కాబట్టి ముందు రోజే హాలుకు పిలిచి టీ తాగుతూ మాట్లాడండి. నాలుగు మాటలు స్పష్టంగా చెప్పండి. బేస్ బాక్సులు వద్దు. గాయని మైకులో ఎకో వద్దు. డ్రమ్స్‌కు మైకు వద్దు. రెండు చిన్న స్పీకర్లు చాలు.

సౌండ్ చెక్ వరుస ఇది.

మొదట సౌండు సిస్టమ్ అంతా ఆపి అందరినీ మైకులు లేకుండా వాయించమనండి. డ్రమ్మరు కర్రలతో కాక మెత్తని బ్రష్‌లతో వాయించాలి. మీరు చివరి వరుసలో కూర్చోండి. ఏ వాద్యం వినపడటం లేదో దానికే శబ్దం పెంచాలి. దాదాపు ఎప్పుడూ అవి బేస్, పియానో, గొంతు. శాక్సఫోన్‌కు నూరు మంది హాలులో మైకు అక్కర్లేదు.

తరువాత బేస్ ఆంప్లిఫయరును నేల మీద కాక గట్టి కుర్చీ మీద పెట్టి, వినపడీ వినపడనంతగా పెంచండి. గాజు అరల దగ్గరికి వెళ్లి వేలు ఆనించి చూడండి. ఆ తరువాత పియానో. చివరగా గాయని. డ్రమ్స్ ఎక్కువయ్యాయనిపిస్తే మిగతావి పెంచకండి, డ్రమ్మరును తగ్గించమనండి. చిన్న బేస్ డ్రమ్ము, అంటే 18 లేదా 20 అంగుళాలది, తెమ్మని ఒప్పందంలోనే రాస్తే ఈ సమస్య సగం తీరుతుంది.

ఏసీ, ఫ్యాన్ల చప్పుడు కూడా వినండి. నెమ్మది పాటల్లో ఫ్యాను హోరు మైకులోకి వస్తుంది. ఏసీని మధ్యాహ్నం నుంచే నడిపి గదిని చల్లబరిచి, కచేరీ వేళ తక్కువ వేగంలో ఉంచండి. పూర్తిగా ఆపితే తేమ పెరుగుతుంది. జనరేటరు భవనం వెనక, వేదికకు దూరంగా ఉండాలి. కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ కొద్ది క్షణాలకు డిజిటల్ పియానోను, మైకుల పెట్టెను యూపీఎస్ మీద పెట్టండి.

8. శ్రోతలను తయారు చేయండి

టికెట్టుతో పాటు ఒక కాగితం తెలుగులో ఇవ్వండి. ఆ సాయంత్రం వాయించే పాటలు, ఏ వాద్యం ఎవరిది, ఒక్కొక్కరి సోలో (ఒక్కరే ముందుండి వాయించే భాగం) ముగిశాక చప్పట్లు కొట్టవచ్చన్న మాట, అంతే. జాజ్‌లో అది ఆనవాయితీ, మన కచేరీల్లో తనియావర్తనానికి కొట్టినట్టే.

విరామంలో మ్యూజియం క్యూరేటరును హాలులోని ఒకే ఒక్క కళాఖండం ముందు నిలబడి పది నిమిషాలు మాట్లాడమనండి. ఒక్కటి చాలు, ఎక్కువైతే రెండో భాగానికి చెవులు అలిసిపోతాయి. వ్యాఖ్యాత ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు అన్నీ కలిపి అయిదు నిమిషాలు మించనివ్వకండి. ముఖ్య అతిథి ఆలస్యమైనా కచేరీ వేళకే మొదలవ్వాలి. ఈ సంగతి ఆయనకు ముందే వినయంగా చెప్పండి.

9. కచేరీ రోజు

☐ 2 గంటలకు: కుర్చీలు, జంపఖానాలు, తాడు. స్థితి వివరాలు మరోసారి
☐ 3:30కి: బృందం రాక, వాద్యాలు గదిలోకి
☐ 4 నుంచి 5:30: సౌండ్ చెక్, తరువాత ఎవరూ మీటలు ముట్టకూడదు
☐ 5:30కి: వాద్యకారులకు తేలికైన టిఫిన్
☐ 6 గంటలకు: తలుపులు తెరవడం, తేమ అంకె నమోదు
☐ 6:30కి: మొదటి భాగం, 45 నిమిషాలు
☐ 7:15కి: విరామం, 20 నిమిషాలు
☐ 7:35కి: రెండో భాగం, 45 నిమిషాలు. పరకాల, నర్సంపేట, జనగామ వైపు వెళ్లేవారు బస్సు అందుకోవాలి

10. తరచూ ఎదురయ్యే చిక్కులు

మొదటి కచేరీకి జనం తక్కువగా వస్తే: కుర్చీలు తీసేసి అందరినీ ముందుకు కూర్చోబెట్టండి. ముప్పై మంది దగ్గరగా కూర్చున్న గదిలో బృందం బాగా వాయిస్తుంది. ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం, కాకతీయ వైద్య కళాశాల విద్యార్థులకు తక్కువ ధర సీజన్ పాసు పెట్టండి. రెండో నెలకు వాళ్లే స్నేహితులను తెస్తారు.

అతిథి చివరి నిమిషంలో రాలేకపోతే: మూల బృందం ముగ్గురూ కలిసి వాయించగల ఒక పూర్తి కార్యక్రమం మొదటి నెలలోనే సిద్ధం చేయించండి. పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ రచనలు పియానో బృందానికి బాగా నప్పుతాయి.

శ్రోతలు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తుంటే: మొదటి పాటకు అనుమతించి, తరువాత ఫోన్లు లోపల పెట్టమని బృంద నాయకుడి చేతే చెప్పించండి. నిర్వాహకుడి మాట కన్నా వాద్యకారుడి మాట చెల్లుతుంది.

సినిమా పాట వాయించమని అడిగితే: మర్యాదగా కాదనండి. వచ్చినవారిలో ఎక్కువమంది ఒప్పుకుంటారు, కాకపోతే ఆ మాట తొందరగా, నవ్వుతూ చెప్పాలి.

11. ముగిశాక

వాద్యకారులకు మిగిలిన పారితోషికం ఆ రాత్రే, కవరులో పెట్టి, వారు భోజనానికి కూర్చోకముందే ఇవ్వండి. "రేపు పంపిస్తాం" అన్న మాట ఈ రంగంలో ఎంతమందిని బాధపెట్టిందో వాయించేవారిని అడిగితే చెబుతారు.

చివరి తేమ అంకె రాసి, సిబ్బందితో కలిసి ప్రతి కళాఖండాన్నీ ముందు రోజు ఫోటోతో పోల్చి చూడండి. వివరం మీద ఇరువర్గాలూ సంతకాలు చేయండి. వాయించిన అసలు పాటల జాబితా, ప్రకటించింది కాదు, లైసెన్సు సంస్థకు పంపండి. జంపఖానాలు దులిపి, చుట్టి, పొడిగా ఉన్న గదిలో పెట్టండి. మరుసటి ఉదయం మ్యూజియం తలుపులు తెరిచే వేళకు హాలు మునుపటిలా ఉండాలి. ఆ పని అయ్యాకే వచ్చే నెల అతిథికి ఫోను చేయండి.